గేమ్స్ పీరియడ్ అసలు ఎందుకు? పిల్లల ఆరోగ్యంలో దాని పని ఏమిటి?

నాలుగోక్లాసు_అమ్మ

అందరికీ నమస్కారం. మా బాబుకి తొమ్మిదేళ్లు. వాళ్ల బడిలో వారానికి మూడు గేమ్స్ పీరియడ్లు ఉండేవి. ఈ ఏడాది రెండు తీసేసి లెక్కలకీ సైన్సుకీ ఇచ్చారు. అడిగితే "సాయంత్రం ఇంటి దగ్గర ఎలాగూ ఆడుకుంటారు కదండీ" అన్నారు.

పేరెంట్స్ మీటింగ్‌లో ఈ విషయం ఎత్తాలనుకుంటున్నాను. ఊరికే "పిల్లలకి ఆటలు మంచివి" అంటే కాదనేవాళ్లు ఉండరు, పట్టించుకునేవాళ్లూ ఉండరు. ఇంటి దగ్గర ఆటతో రానిది బడిలో వ్యాయామ విద్యతో ఏం వస్తుంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

లెక్కల_టీచర్

నేను అవతలి పక్షం నుంచి మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. బడిలో ఉండే గంటలు అవే. సిలబస్ పూర్తికాకపోతే మొదట నిలదీసేది తల్లిదండ్రులే.

ఇంకో మాట. చాలా చోట్ల గేమ్స్ పీరియడ్ అంటే ఒక బంతి ఇచ్చి పిల్లల్ని మైదానంలో వదిలేయడమే. చురుకైనవాళ్లు పదిమంది ఆడతారు, మిగతావాళ్లు గోడవారగా కూర్చుంటారు. నలభై నిమిషాల్లో డ్రెస్ సర్దుకోవడం, లైన్ కట్టడం, జట్లు వేసుకోవడం పోతే ఒక్కో పిల్లవాడు నిజంగా కదిలేది ఎంతసేపు? అలాంటి పీరియడ్ కోసం ఎందుకు పోట్లాడాలో నాకు అర్థం కాదు. ఆటలు వద్దని నేను అనను. ఆ పీరియడ్ ఏ పని కోసం ఉందో ఎవరైనా స్పష్టంగా చెప్పాలి అంటాను.

పీఈటీ_మాస్టారు

లెక్కల టీచర్ గారు అడిగింది న్యాయమైన ప్రశ్న. చాలా ఏళ్లుగా చిన్న క్లాసులకి వ్యాయామం నేర్పుతున్నాను కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను.

బంతి ఇచ్చి వదిలేయడాన్ని ఆటవిడుపు అనవచ్చు. అదీ కావాలి, దాని విలువ దానికుంది. వ్యాయామ విద్యలో మాత్రం నేర్పడం ఉండాలి. ఏం నేర్పాలి? పరిగెత్తడం, గెంతడం, ఒంటికాలి మీద కుంటడం, విసరడం, పట్టుకోవడం, తన్నడం, తూలకుండా నిలబడటం. ఇవి వయసుతో వాటంతట అవే వస్తాయని అందరూ అనుకుంటారు. మొరటు రూపంలో వస్తాయి, అంతే. బంతి విసరమంటే మోచేతి నుంచి ముందుకు తోసే పిల్లలు పదేళ్ల వయసులో కూడా ఎంతోమంది కనిపిస్తారు. కుడిచేత్తో విసిరేటప్పుడు ఎడమకాలు ముందుకు పడాలని, నడుము తిరగాలని, చెయ్యి చివర్లో రావాలని ఎవరో ఒకరు చూపించాలి. చూపించి, పదేపదే చేయించాలి.

పట్టుకోవడమూ అంతే. బంతి అంటే భయపడే పిల్లకి గట్టి బంతి ఇస్తే కళ్లు మూసుకుంటుంది. మొదట బెలూన్ ఇవ్వాలి. అది మెల్లగా దిగుతుంది, చూపు దాని మీద నిలపడానికి టైమ్ దొరుకుతుంది. తర్వాత పెద్ద మెత్తటి బంతి, ఆ తర్వాతే చిన్న బంతి.

ఇంతకీ ఆరోగ్యానికీ దీనికీ సంబంధం ఏమిటంటారా? ఆరేడేళ్ల పిల్లలు తమకి అన్నీ వచ్చనుకుంటారు. ఎనిమిది, తొమ్మిది దాటేసరికి పక్కవాడితో పోల్చుకోవడం మొదలవుతుంది. అప్పుడు బంతి పట్టుకోవడం రాని పిల్లవాడు తనంతట తనే పక్కకి తప్పుకుంటాడు. ఆడడు కాబట్టి రాదు, రాదు కాబట్టి ఇంకా ఆడడు. పన్నెండేళ్లకి "నాకు ఆటలంటే ఇష్టం లేదు" అంటాడు. ఇంటి దగ్గర వీధిలో జరిగే ఆటలోకి ఆ పిల్లవాడిని ఎవరూ పిలవరు. అతన్ని చేరదీయాల్సిన బాధ్యత ఉన్నది బడికే. నా లెక్కలో వ్యాయామ విద్య మొదటి పని అదే: ఆటలు రాని పిల్లలకి ఆడటం వచ్చేలా చేయడం. బాగా ఆడేవాడు నేను లేకపోయినా ఆడతాడు.

ఎంతసేపు కదులుతారన్న దానికి: పీరియడ్‌లో కనీసం సగం టైమ్ పిల్లలు ఒళ్లు వేడెక్కేలా కదలాలన్నది ఈ రంగంలో అందరూ ఒప్పుకునే కొలత. ముప్పైమందికి ఒక్క బంతి ఉంటే అది జరగదు. నలుగురేసి చిన్న జట్లు, జట్టుకో బంతి ఉండాలి. తప్పు చేస్తే అవుట్ అయి పక్కన కూర్చునే ఆటలు నేను పూర్తిగా మానేశాను. ఎవరికి సాధన ఎక్కువ కావాలో వాళ్లే అందరికంటే ముందు అవుట్ అయిపోతారు, పీరియడ్ అంతా చూస్తూ కూర్చుంటారు.

పిల్లల_వైద్యురాలు

మాస్టారు గారు చెప్పినదానికి శరీరం వైపు నుంచి కొంత కలుపుతాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు సగటున రోజుకి కనీసం 60 నిమిషాలు ఓ మోస్తరు నుంచి గట్టి శ్రమ చేయాలి. కండరాలకీ ఎముకలకీ బలమిచ్చే పనులు వారంలో కనీసం 3 రోజులు ఉండాలి. మరి వాస్తవం చూడండి. 146 దేశాల్లో 11 నుంచి 17 ఏళ్ల మధ్య ఉన్న విద్యార్థుల సమాచారాన్ని కలిపి 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. 2016 నాటికి ఆ వయసువాళ్లలో 81 శాతం మంది ఆ మాత్రం కూడా కదలడం లేదు. కాబట్టి "సాయంత్రం ఎలాగూ ఆడుకుంటారు" అన్నది చాలామంది పిల్లల విషయంలో నిజం కాదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఎముకల సంగతి. పిల్లలు ఒక్కసారిగా పొడవు పెరిగే దశ ఒకటి ఉంటుంది. కెనడాలోని సస్కాచెవాన్‌లో పిల్లల్ని ఏళ్ల తరబడి వెంబడించి కొలిచిన అధ్యయనం ఉంది. పెద్దయ్యాక ఎముకల్లో ఉండే, వాటికి గట్టిదనమిచ్చే ఖనిజంలో దాదాపు నాలుగో వంతు ఆ ఎదుగుదల చుట్టూ ఉన్న రెండేళ్లలోనే చేరుతుందని అందులో తేలింది. ఆ చేరిక అన్నిటికంటే వేగంగా జరిగేది సగటున అమ్మాయిల్లో పన్నెండున్నర ఏళ్ల ప్రాంతంలో, అబ్బాయిల్లో 14 ఏళ్ల ప్రాంతంలో. గెంతడం, పరిగెత్తడం, ఎగిరి దిగడం వల్ల ఎముక మీద పడే తాకిడే "ఇక్కడ బలం కావాలి" అని శరీరానికి తెలియజేస్తుంది. ఈత గుండెకి ఎంతో మంచిది, కానీ నీళ్లు బరువు మోస్తాయి కాబట్టి ఎముకకి ఆ తాకిడి అందదు. మన బడుల్లో ఆటలు సరిగ్గా ఏ వయసులో ఆపేస్తున్నారో ఒకసారి చూసుకోండి. అరవై ఏళ్లప్పుడు తుంటి ఎముక విరగకుండా ఉండటానికి పునాది పడేది ఏడు, ఎనిమిది తరగతుల్లో.

ఇంకొకటి షుగర్ సంగతి. పనిచేస్తున్న కండరం రక్తంలోని గ్లూకోజ్‌ని ఇన్సులిన్ సాయం లేకుండానే లోపలికి తీసుకోగలదు. బరువు ఒక్క కిలో తగ్గకపోయినా ఈ లాభం ఉంటుంది. దయచేసి ఆటని బరువుతో ముడిపెట్టకండి. "లావవుతున్నావు, పరిగెత్తు" అని విన్న పిల్ల పరుగునీ, తన ఒంటినీ రెండిటినీ అసహ్యించుకుంటుంది.

పరిశోధనల_పాఠకుడు

డాక్టర్ గారు కళ్ల గురించి రాయలేదు, నేను కలుపుతాను. చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 ప్రాథమిక పాఠశాలల్లో ఒక ప్రయోగం చేశారు. సగం బడుల్లో ఒకటో తరగతి పిల్లలకి రోజూ 40 నిమిషాల ఆరుబయటి క్లాసు అదనంగా పెట్టారు. మూడేళ్ల తర్వాత చూస్తే మామూలు బడుల్లో 39.5 శాతం మందికి హ్రస్వదృష్టి (దూరంగా ఉన్నవి మసకగా కనిపించడం) వచ్చింది, ఆరుబయటి క్లాసు ఉన్న చోట 30.4 శాతం మందికి వచ్చింది. ఫలితాలు 2015లో వెలువడ్డాయి. ఇక్కడ పనిచేసేది శ్రమకంటే ఎక్కువగా ఆరుబయటి వెలుతురు అంటారు. హాల్లో ఆడిస్తే కళ్లకి ఈ మేలు పెద్దగా ఉండదు.

లెక్కల_టీచర్

డాక్టర్ గారూ, ఎముకల విషయం నాకు కొత్త. ఆలోచించాల్సిన మాట.

కానీ మేనేజ్‌మెంట్ అడిగేది వేరు. పీరియడ్ తీసి ఆటలకి ఇస్తే మార్కులు పడిపోవా? దానికి సూటిగా జవాబు కావాలి.

పరిశోధనల_పాఠకుడు

దీన్ని నేరుగా పరీక్షించిన పాత అధ్యయనం ఒకటి ఉంది. 1970లలో కెనడాలోని ట్రోయి రివియేర్‌లో ప్రాథమిక పాఠశాల పిల్లలకి రోజుకో గంట వ్యాయామ విద్య అదనంగా ఇచ్చారు. ఆ గంటని పాఠాల టైమ్‌లోంచే తీశారు. అయినా వాళ్ల చదువు మిగతావాళ్లకంటే తగ్గలేదు. ఆ తర్వాత అమెరికాలోని ఇలినాయ్‌లో 221 మంది పిల్లల మీద తొమ్మిది నెలల ప్రయోగం జరిగింది, 2014లో ప్రచురించారు. రోజూ బడి అయ్యాక ఆడినవాళ్లలో ధ్యాస చెదరకుండా నిలుపుకోవడం, ఒక పని నుంచి ఇంకో పనికి మనసు మళ్లించుకోవడం మెరుగయ్యాయి.

కాబట్టి మీటింగ్‌లో "మార్కులు పడిపోవు" అని ధైర్యంగా చెప్పవచ్చు. "మార్కులు పెరుగుతాయి" అని మాత్రం మాట ఇవ్వకండి. ఇచ్చారంటే రేపు పెరగనప్పుడు ఆ పీరియడ్ మళ్లీ పోతుంది. లెక్కల వల్ల పరుగు వేగం పెరగాలని ఎవరూ అడగరు. ఆటలు మాత్రం తమ ఉనికిని లెక్కల మార్కులతో ఎందుకు నిరూపించుకోవాలి?

లెక్కల_టీచర్

ఆ చివరి ప్రశ్న బాగుంది. మా స్టాఫ్ మీటింగ్‌లో అడుగుతాను.

వెనకవరుస

అందరూ మంచి మంచి విషయాలు చెబుతున్నారు. నాకు ఈ పీరియడ్ గురించి గుర్తున్నది వేరు.

ఇద్దరు కెప్టెన్లు నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి ఎంచుకునేవారు. చివరికి మిగిలేది ఎప్పుడూ నేనే. "సరే, వీణ్ణి మీరు తీసుకోండి" అని ఒక జట్టు ఇంకో జట్టుకి చెప్పేది. హోమ్‌వర్క్ తేకపోతే మైదానం చుట్టూ పరుగు. పరుగు అంటే శిక్ష అని నా ఒంటికి అలా ఎక్కిపోయింది. ఏడాదికోసారి అందరి ముందు బరువు తూచి గట్టిగా చదివేవాళ్లు. ఆ రోజు బడికి వెళ్లకుండా ఉండటానికి కడుపునొప్పి అనేవాణ్ణి. కొన్నిసార్లు టెన్షన్‌కి నిజంగానే నొప్పి వచ్చేది.

ఇప్పుడు నాకు ముప్పై ఆరు. డాక్టర్ నడవమన్నారు. నడుస్తున్నాను, కానీ నలుగురు చూసే చోట చేతులు ఊపుతూ నడవాలంటే ఇప్పటికీ ఒళ్లు బిగుసుకుపోతుంది. గేమ్స్ పీరియడ్లు పెంచమనే ముందు అవి ఎలా జరుగుతున్నాయో కూడా అడగండి. నాలాంటి పిల్లవాడికి మూడు ఉన్నా ఒకటి ఉన్నా తేడా ఏమీ ఉండేది కాదు. ఒకటే నయం అనిపించేది.

పీఈటీ_మాస్టారు

బాబూ, ఈ మాటలు ప్రతి వ్యాయామ ఉపాధ్యాయుడూ చదవాలి. మీరు చెప్పినవాటిలో ఏ ఒక్కటీ అవసరం లేదు.

జట్లు మాస్టారే వేయాలి, లేదా పుట్టిన నెల బట్టో, రంగు చీటీల బట్టో పడిపోవాలి. పదిసెకన్ల పని. పరుగు, గుంజీళ్లు శిక్షగా వేయకూడదు. మనం జీవితాంతం చేయమని అడుగుతున్న పనినే శిక్షగా చూపిస్తే ఇంకేం మిగులుతుంది? కొలతలు తీయాల్సి వస్తే పక్కకి తీసుకెళ్లి, ఆ పిల్లవాడికి మాత్రమే తెలిసేలా తీయాలి. పోల్చాల్సింది కిందటి నెల అతనితోనే. పోయిన నెల తాడుతో వరసగా ఆరు గెంతులు గెంతిన పిల్ల ఈ నెల పదకొండు గెంతితే అది పెద్ద విషయం. క్లాసులో ఇంకెవరు వంద గెంతారన్నది ఆ పిల్లకి అక్కర్లేదు.

పుట్టిన నెల సంగతి కూడా ఉంది. ఒకే క్లాసులో పదకొండు నెలల తేడా ఉన్న పిల్లలు ఉంటారు. ఎనిమిదేళ్ల వయసులో పదకొండు నెలలంటే ఎత్తులో, బలంలో, ఒడుపులో బాగా తేడా వస్తుంది. పెద్దవాణ్ణి "టాలెంట్" అంటాం, చిన్నవాణ్ణి "వీడికి రాదు" అంటాం. ఆ మాట పడిన పిల్లవాడు దాన్ని చాలాకాలం నమ్ముతాడు.

అకాడమీ_నాన్న

మా అబ్బాయి వారానికి నాలుగు రోజులు టెన్నిస్ కోచింగ్‌కి వెళ్తాడు. మాకు బడిలో పీరియడ్ లేకపోయినా పర్లేదనుకుంటున్నాను. తప్పంటారా?

పిల్లల_వైద్యురాలు

మీ బాబుకి కదలిక సరిపోతుంది, సంతోషం. కానీ చిన్న వయసులో ఒక్కటే ఆట ఏడాది పొడవునా ఆడితే అవే కీళ్ల మీద, ఎముక పెరిగే అంచుల మీద అదే భారం పడుతుంది. మోకాలి చిప్ప కింద నొప్పితో, భుజం నొప్పితో నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇలాంటి పిల్లలు చాలామంది. రకరకాలుగా కదలడం వాళ్లకి మందులాంటిదే. బడి పీరియడ్‌లో వాడు తన్నాలి, దొర్లాలి, ఎక్కాలి. పైగా కోచింగ్‌కి పంపగలిగే ఇళ్లు ఎన్ని? బడి అందరికీ ఉంటుంది.

ఊపిరి

మా పాపకి ఆస్తమా. పరిగెత్తితే దగ్గు వస్తుందని క్లాస్ టీచర్ గేమ్స్ పీరియడ్‌లో లైబ్రరీకి పంపేస్తున్నారు. నాకూ అదే సేఫ్ అనిపిస్తోంది. కానీ పాప రోజూ ఏడుస్తోంది.

పిల్లల_వైద్యురాలు

అమ్మా, అదుపులో ఉన్న ఆస్తమా ఆటకి అడ్డు కాదు. పరిగెత్తితే దగ్గు వస్తోందంటే చాలాసార్లు మందు సరిగ్గా సర్దుబాటు కాలేదని అర్థం. ముందు మీ డాక్టర్‌కి ఈ విషయం చెప్పండి. ఆటకి ముందు ఇన్‌హేలర్ వాడాలా, ఎంత ముందు వాడాలి అన్నది వాళ్లు చెబుతారు.

బడికి ఒక కాగితం రాసివ్వండి: ఇన్‌హేలర్ మైదానంలోనే పాపకి అందేలా ఉండాలి, ఆఫీసు బీరువాలో కాదు. పది పదిహేను నిమిషాలు మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచాలి. ఒక్కసారిగా పరుగు పందెం పెడితేనే ఊపిరితిత్తులు బిగుసుకుంటాయి. చల్లటి పొడిగాలి ఉన్న రోజు, దుమ్ము లేచే రోజు ఎక్కువ జాగ్రత్త కావాలి. దగ్గు మొదలైతే ఆగి, ఇన్‌హేలర్ తీసుకుని, సర్దుకున్నాకే మళ్లీ ఆడాలి. తగ్గకపోతే వెంటనే మీకు ఫోన్ చేయాలి.

లైబ్రరీకి పంపడం వల్ల పాపకి ఒంట్లో శక్తి ఇంకా తగ్గుతుంది. ఆ తర్వాత మెట్లెక్కినా ఆయాసం వస్తుంది, దాన్నీ ఆస్తమా ఖాతాలో వేస్తారు.

ఊపిరి

చాలా థాంక్స్ డాక్టర్ గారూ. ఈ వారమే అపాయింట్‌మెంట్ తీసుకుంటాను.

ఇద్దరాడపిల్లల_నాన్న

మా పెద్దమ్మాయికి పన్నెండు. నిన్నమొన్నటిదాకా అబ్బాయిలతో సమానంగా పరిగెత్తేది. ఆరు నెలలుగా గేమ్స్ పీరియడ్ వస్తే చాలు తలనొప్పి అంటోంది. బలవంతపెట్టాలా, వదిలేయాలా? వాళ్లమ్మ అడిగినా కారణం చెప్పడం లేదు.

పదోక్లాసు_టీచరమ్మ

అన్నగారూ, బలవంతపెట్టకండి, అలాగని వదిలేయకండి కూడా. నేను హైస్కూల్లో చూసేది ఇదే. ఆడపిల్లలు ఎందుకు మానేస్తారో ఎవరూ వాళ్లని అడగరు. ఒంటి మార్పులు, నెలసరి, మరక పడుతుందేమోనన్న భయం, పరిగెత్తుతుంటే చూసేవాళ్ల చూపులు. బట్టలు మార్చుకోవడానికి తలుపున్న గది ఉండదు. బాత్రూమ్‌కి వెళ్లాలంటే మగ మాస్టారు పర్మిషన్ అడగాలి. డాక్టర్ గారు చెప్పిన ఆ 81 శాతంలో కూడా అబ్బాయిలు 78, అమ్మాయిలు 85.

అమ్మాయికి సరిపోయే స్పోర్ట్స్ బ్రా, ముదురు రంగు వదులు ప్యాంటు కొనివ్వమని వాళ్లమ్మకి చెప్పండి. చాలా ఇళ్లల్లో ఈ సంగతి తట్టదు. నెలసరిలో ఆడకూడదన్న నియమం వైద్యపరంగా ఏదీ లేదు. కొందరికి కదిలితే నొప్పి తగ్గుతుంది కూడా. ఆ రోజు ఒంట్లో బాగోలేదంటే మాత్రం నమ్మాలి. మేము మా బడిలో అమ్మాయిలనే అడిగాం, మీకేం కావాలని. డాన్స్ అన్నారు, ఆత్మరక్షణ అన్నారు, కొందరు బరువులు ఎత్తుతామన్నారు. వారంలో ఒక పీరియడ్ వాళ్లు ఎంచుకున్నదే పెట్టాక పక్కన కూర్చునేవాళ్లు బాగా తగ్గారు.

అకాడమీ_నాన్న

బరువులెత్తితే పిల్లలు పొడవు పెరగరు అంటారు కదా?

పీఈటీ_మాస్టారు

అది నిజం కాదండీ. పక్కన తెలిసినవాళ్లు ఉండి, తేలిక బరువులతో, సరైన భంగిమలో చేయిస్తే ఎదుగుదలకి అడ్డు ఉండదు. ఎవరు ఎక్కువ ఎత్తగలరో అని పోటీ పెడితేనే దెబ్బలు తగులుతాయి.

నాలుగోక్లాసు_అమ్మ

అందరికీ చాలా కృతజ్ఞతలు. అన్నీ రాసుకుంటున్నాను. మాస్టారూ, మీటింగ్‌లో నేను సరిగ్గా ఏమేం అడగాలి?

పీఈటీ_మాస్టారు

తల్లీ, మొదట ఆ రెండు పీరియడ్లు తిరిగి ఇవ్వమనండి. ఆగకుండా వెంటనే ఇంకొన్ని ప్రశ్నలు అడగండి. ఈ ఏడాది నాలుగో తరగతికి ఆటల్లో ఏం నేర్పాలనుకుంటున్నారు, రాసిపెట్టిన ప్లాన్ ఉందా? ఎన్ని బంతులు, ఎన్ని తాళ్లు ఉన్నాయి? శిక్షగా పీరియడ్ ఆపేస్తున్నారా? మైదానంలో తాగేనీళ్లు, నీడ ఉన్నాయా? ఎండ ముదిరిన రోజుల్లో పీరియడ్ పొద్దున్నకి మారుస్తారా? పీఈటీ రాని రోజున ఆ క్లాసు ఎవరికి వెళ్తోంది?

హక్కు సంగతి వస్తే ఇదీ చెప్పండి: యునెస్కో 1978లోనే వ్యాయామ విద్యనీ క్రీడనీ అందరి ప్రాథమిక హక్కుగా చెప్పే పత్రాన్ని ఆమోదించింది. 2015లో దాన్ని సవరించి మళ్లీ ప్రకటించింది.

మేనేజ్‌మెంట్ ఒక్క పీరియడ్ కూడా ఇవ్వబోమని అంటే, రోజూ పదిహేను నిమిషాలు అడగండి. 2012లో స్కాట్లాండ్‌లోని ఒక ప్రాథమిక పాఠశాల పిల్లల్ని రోజూ క్లాసు మధ్యలో పదిహేను నిమిషాలు బయట నడిపించడం, పరిగెత్తించడం మొదలుపెట్టింది. ఇప్పుడు అది ఎన్నో దేశాల బడులకి పాకింది. యూనిఫామ్ మార్చుకోనక్కర్లేదు, పందెం ఉండదు, ఎవరి వేగం వాళ్లది. నేర్పే పీరియడ్‌కి ఇది బదులు కాదు, అది గుర్తుంచుకోండి. ఏమీ లేనిచోట మొదలుపెట్టడానికి పనికొస్తుంది.

చక్రాల_కుర్చీ_అమ్మ

ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను, ఇప్పుడు అడగాలనిపించింది. మా అబ్బాయికి పదేళ్లు, వీల్‌చైర్ వాడతాడు. రెండు చేతులూ బాగా పనిచేస్తాయి. రెండేళ్లుగా గేమ్స్ పీరియడ్‌లో వాడిపని స్కోర్ రాయడం. మాస్టారు మంచివారే, వాడిని ప్రేమగా చూస్తారు. వాడికి దెబ్బ తగులుతుందని భయం. పైన రాసిన అరవై నిమిషాలు, ఎముకలు, ఇవన్నీ మా వాడికీ వర్తిస్తాయా?

పిల్లల_వైద్యురాలు

వర్తిస్తాయమ్మా. 2020 మార్గదర్శకాల్లో వైకల్యం ఉన్న పిల్లలకి విడిగా అధ్యాయమే ఉంది, అందులోనూ అదే 60 నిమిషాలు. మీ బాబు విషయంలో ఏం చేయకూడదో అతని డాక్టర్‌తో లేదా ఫిజియోతో ఒక పేజీ రాయించి బడికి ఇవ్వండి. ఆ పేజీలో లేనివన్నీ చేయించవచ్చని మాస్టారికి ధైర్యం వస్తుంది.

పీఈటీ_మాస్టారు

అమ్మా, స్కోర్ రాసే పుస్తకం ముందు వాడి చేతిలోంచి తీయించండి. అది వంతులవారీగా అందరూ చేసే పని కావాలి.

మైదానంలో ఇసుక ఉంటే కుర్చీ కదలదు, కాబట్టి ఆ పీరియడ్ సిమెంట్ నేల మీదో, హాల్లోనో పెట్టమనండి. విసిరే, పట్టుకునే ఆటలన్నిటిలో వాడు పూర్తిగా ఆడగలడు. మెత్తటి బంతి, వలకి బదులు కాస్త కిందగా కట్టిన బుట్ట. అందరూ కూర్చుని ఆడే వాలీబాల్‌లో వల కిందకి ఉంటుంది, ఎవరూ నేల మీద నుంచి లేవకూడదు. దానికి కుర్చీలోంచి దిగాలి కాబట్టి ఫిజియో సరేనంటేనే పెట్టాలి. నా క్లాసులో అన్ని ఆటల కంటే అదే ఎక్కువ అడుగుతారు, నడిచే పిల్లలు కూడా. వెంటాడి పట్టుకునే ఆటలో కుర్చీకి తగిలితే పట్టుకున్నట్టు కాదు, భుజం తాకాలి అని నియమం పెట్టండి. తోసేవాళ్లు వద్దు, చక్రాలు వాడే తిప్పుకోవాలి. భుజాలకీ గుండెకీ అదే వ్యాయామం. మొదటి వారం ఎక్కడ ఇబ్బంది వచ్చిందో వాణ్ణే అడిగి, నియమాలు వాడితోనే మార్పించండి. పదేళ్ల పిల్లలు వాళ్లలో వాళ్లు మనకంటే తొందరగా దారి కనుక్కుంటారు. మీ మాస్టారికి ఏదైనా సందేహం ఉంటే ఇక్కడే అడగమనండి, నేను పాఠం ప్లాన్ రాసి పెడతాను.